దోనావూరు అమ్మగారు

క్రీస్తు ప్రేమచేత స్వదేశమును విడిచి వచ్చిన మిషనరీలలో ఏమీ కార్మైకేల్ అమ్మగారిని మనము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనవలెను. వీరు 1867 డిసెంబరు 16న ఐర్లండులో జన్మించిరి. 1893లో జపానులో కొంతకాలము సేవచేసి, 1895లో మన దేశమునకు వచ్చి, తిరునెల్వేలి గ్రామములలో స్త్రీలకు సువార్త ప్రకటించుచుండిరి.

1901 మార్చిలో, దేవాలయమునకు అర్పింపబడనున్న ప్రీనా అను ఏడేండ్ల బాలిక తప్పించుకొని వీరియొద్దకు చేరెను. అటువంటి పిల్లలు ఇంకను రాగా, గ్రామ సువార్త మాని పసివారిని పెంచుట మిషనరీకి తగునా అను ప్రశ్న కలిగెను. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును తలంచుకొని, అమ్మగారు ఆ పనికే పూనుకొని, దోనావూరులో నిలిచిరి. 1918లో మగపిల్లలనుకూడ చేర్చుకొనిరి. పిల్లల అక్కరలకై మనుష్యులను యాచింపక దేవునినే అడిగిరి. అట్లు పసివారి ఆకలియే వారి విశ్వాసమునకు బడియైనది.

1931లో పడి గాయపడినది మొదలు సుమారు ఇరువది ఏండ్లు మంచముననే ఉండియు, పుస్తకములు వ్రాయుచు పిల్లలకై ప్రార్థించుచుండిరి. స్వదేశమునకు మరల వెళ్లకయే, 1951 జనవరి 18న ప్రభువునందు నిద్రించిరి. సమాధిరాయి వద్దనిన వారి కోరిక చొప్పున, అచట పక్షులు నీరు త్రాగు తొట్టి నిలిపి, అమ్మ అను అర్థముగల ఒక్క పదము మాత్రమే చెక్కించిరి.

సండేస్కూలు పిల్లల సేవను చిన్నపనిగా ఎంచు మనము ఈ జీవితమును ధ్యానించుదుము గాక.