సైటుకి వెళ్లేముందు రస్సెల్‌ని పరిచయం చేసుకోండి

ముత్తుకూరు వైపు ఉద్యోగం వచ్చిందంటే మీకు ముందు గుర్తొచ్చేది కృష్ణపట్నం పోర్టు, థర్మల్ ప్లాంట్లు, రొయ్యల చెరువులు. ఆఫర్ లెటర్‌లో జీతం చూస్తాం, షిఫ్ట్ టైమింగ్స్ చూస్తాం. పాముల సంగతి అందులో ఉండదు కదా!

నా మొదటి ఉద్యోగం ఇటువైపే, ఓ సైటులో. రెండో వారం నైట్ షిఫ్టులో కేబుల్ ట్రెంచ్ మూత జరిపి లోపల చెయ్యి పెట్టబోయాను. పక్కనున్న హెల్పర్ అన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. లోపల చుట్ట చుట్టుకుని ఉన్నదాన్ని నేను కొండచిలువ పిల్ల అనుకున్నా. అది రక్తపింజరి. ఇండక్షన్‌లో పాముల గురించి మాకు ఒక్క ముక్క చెప్పలేదు. రూముకొచ్చి దాని ఇంగ్లీషు పేరు వెతికితే రస్సెల్స్ వైపర్ అని వచ్చింది. ఇంతకీ ఎవరీ రస్సెల్?

పాట్రిక్ రస్సెల్ దాదాపు 300 ఏళ్ల కిందట స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. వైద్యం చదివి 1750లో సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్లాడు. అక్కడ ఇరవై ఏళ్లకు పైగా డాక్టరుగా ఉన్నాడు. ప్లేగు ఊళ్లను ఊడ్చేస్తున్న రోజుల్లో రోగుల్ని చూస్తూ, ఎవరికి ఎలా వచ్చింది, ఎలా తగ్గింది అని వివరాలు రాసి పెట్టుకున్నాడు. ఆ నోట్సే తర్వాత 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకమైంది.

అసలు మలుపు యాభై దాటాక వచ్చింది. సోదరుడు క్లాడ్‌కి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం రావడంతో, ఆ కుటుంబంతో పాటు రస్సెల్ 1781లో మన తీరానికి వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ను మద్రాసు ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. అప్పటికి ఆయన అరవైకి దగ్గరపడ్డాడు. ఇరవై మూడేళ్లకే కెరీర్ అయిపోయిందని దిగులుపడే మనం ఈ లైను రెండుసార్లు చదవాలి.

ఆయన ఎత్తుకున్న ప్రశ్న సింపుల్. పాము కరిస్తే అది విషపామో కాదో మామూలు మనిషికి తెలిసేదెలా? అప్పట్లో శాస్త్రవేత్తలు పొట్ట కింద, తోక కింద పొలుసులు లెక్కపెట్టి పాముల్ని విడదీసేవారు. ఆ లెక్క ఒక్కటే విషం సంగతి తేల్చదని రస్సెల్‌కి అర్థమైంది. అందుకే నోరు తెరిచి కోరలు చూశాడు. ఊళ్లవాళ్లని అడిగి ప్రతి పాముకీ ఇక్కడి పేరే రాసుకున్నాడు. 1796లో వచ్చిన ఆయన కోరమాండల్ పాముల పుస్తకంలో రక్తపింజరి పేరు కాటుక రేకుల పొడ. ఒంటి మీద నల్ల అంచు మచ్చలు చూసి మనవాళ్లు పెట్టుకున్న పేరది. కట్లపాముల జాతికి ప్రపంచమంతా వాడే బంగారస్ అన్న శాస్త్రీయ నామం కూడా ఆయన రాసుకున్న బంగారు పాము నుంచి వచ్చిందే. 1803లో విశాఖ తీరపు 200 చేపల మీద పుస్తకం వేసినప్పుడూ తెలుగు పేర్లు వదల్లేదు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివేవాళ్లకి ఆయన దూరపు సీనియర్ అనుకోవచ్చు.

రెండో పని ఇంకా గట్టిది. పాముకాటుకి తంజావూరు మాత్ర అని అప్పట్లో ఒక మందుకు గొప్ప పేరుండేది. అందులో పాషాణం కలిసేది. పేరుందని రస్సెల్ నమ్మేయలేదు. కోళ్లకీ కుక్కలకీ పాముకాటు వేయించి, మందులిచ్చి, ఏమవుతోందో గమనించి రాశాడు. ఈ రోజుల్లో ఆ పద్ధతి మనకి నచ్చకపోవచ్చు. కానీ ఆలోచన చూడండి. విషం లేని పాము కరిస్తే మనిషి ఎలాగూ బతుకుతాడు, పేరు మాత్రం మందుకి పోతుంది. పసరు, మంత్రం విషయంలో ఈ రోజుకీ జరిగేది ఇదే.

రస్సెల్ 1805లో లండన్‌లో చనిపోయాడు. విషానికి విరుగుడు సీరం రావడానికి ఆ తర్వాత ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. ఆయన దగ్గర లేని మందు ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ ఒకే ఇంజక్షన్ పనిచేస్తుంది. అయినా 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో పోయారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఉంది, చేరడమే ఆలస్యమవుతోంది.

కాబట్టి మీరు చెరువు గట్టు మీదికి వెళ్లినా, ప్లాంటులోకి వెళ్లినా ఇవి గుర్తుంచుకోండి. చీకట్లో టార్చి, కాలికి బూటు తప్పనిసరి. కంటికి కనపడని చోట చెయ్యి పెట్టొద్దు, ముందు కర్రతో కదిలించండి. పాము కనిపిస్తే ఆగి, మెల్లగా వెనక్కి జరిగి దారివ్వండి. ఫొటో కోసం, చంపడం కోసం దగ్గరికెళ్లారో, కాటు కొని తెచ్చుకున్నట్టే. రూములో నేల మీద పడుకోకండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు.

కాటు పడితే ఉంగరం, వాచీ తీసేయండి. ఎముక విరిగినప్పటిలా ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచండి. తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. పాముని పట్టుకుని తేనక్కర్లేదు. 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి పోండి. కరిచిన టైము డాక్టరుకి చెప్పండి.

ఇక ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక ప్రశ్న అడగండి. ఇక్కడికి దగ్గర్లో పాముకాటు ఇంజక్షన్ ఉండే ఆసుపత్రి ఏది, రాత్రి రెండింటికి అక్కడికి బండి ఎవరిస్తారు అని. కొత్తగా వచ్చి ఇదేం ప్రశ్న అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. అరవై ఏళ్ల వయసులో, కొత్త దేశంలో, ఊళ్లవాళ్లని అడిగి తెలుసుకోవడానికి రస్సెల్ సిగ్గుపడలేదు. ట్రెంచ్ దగ్గర నన్ను లాగిన అన్నని నేనూ ఆ రాత్రే అడిగి నాలుగు పాముల గుర్తులూ నేర్చుకున్నా. మీరు మాత్రం ముందే అడగండి.