సూదీ దారాల చిత్రకారిణి – మే మారిస్

విలియం మారిస్ పేరు మన ఇంగ్లీషు లిటరేచరు వాళ్ళకి కొత్త కాదు. కవి, సోషలిస్టు, గోడకాగితాల డిజైన్లకు ప్రసిద్ధుడు. కాని ఆయన చిన్న కూతురు మే మారిస్ గురించి మనలో ఎందరికి తెలుసు? ఈ నాలుగు మాటలూ నేను రాయడానికి కారణం అదే.

మే 1862లో లండన్ దగ్గర బెక్స్‌లీహీత్‌లోని రెడ్ హౌస్‌లో పుట్టింది. ఆ ఇంట్లో అందరి చేతుల్లోనూ సూది ఉండేది. పాత కుట్టుగుడ్డలు విప్పి, దారం ఎటునుంచి ఎటు పోయిందో చూసి తండ్రి ఆ పని నేర్చాడు. తల్లి జేన్, పిన్ని బెస్సీ అందులో ఆరితేరినవారు. మే అంతటితో ఆగక సౌత్ కెన్సింగ్టన్ కళాపాఠశాలలో చేరి ఎంబ్రాయిడరీ చదివింది.

1885లో, 23 ఏళ్ళ వయసులో, తండ్రి కంపెనీలో ఎంబ్రాయిడరీ విభాగం ఆమె చేతికొచ్చింది. కూతురు గదా అని ఇచ్చిన కుర్చీ అనుకోకండి. డిజైన్లు గీయడం, పట్టుదారాల రంగులు ఎంచడం, పిల్లలకు పని నేర్పడం, ధరలు కట్టడం అన్నీ ఆమే. డబ్బున్నవాళ్ళు పూర్తయిన తెరలే కొనేవారు. అంత పెట్టలేనివాళ్ళకు డిజైను గీసిన గుడ్డ, దారాలు, ఓ మూల కుట్టి చూపించి ఇచ్చేవారు. మిగతాది ఇంటికెళ్ళి కుట్టుకోవడమే! కవి ఏట్సు చెల్లెలు లిలీ ఆమె దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆమె మాత్రం మే గురించి మంచిగా చెప్పలేదు. గట్టి యజమానురాలేనేమో!

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. 1883లో మే గీసిన హనీసకుల్ గోడకాగితాన్ని చాలాకాలం తండ్రిదే అనుకున్నారు. మారిస్ అన్న పేరు కనబడితే చాలు, తండ్రి ఖాతాలో పడిపోయేది. మన ఇళ్ళల్లో మాత్రం? గోడమీద ఫ్రేము కట్టిన నెమలిని చూసి అందరూ బాగుందంటారు, కుట్టిన అమ్మాయి పేరు ఎవరూ అడగరు. గీస్తే కళ, కుడితే కాలక్షేపం!

1893లో ఆమె అలంకార కుట్టుపని మీద ఓ పుస్తకం రాసింది. కుట్లతో సరిపెట్టలేదు, డిజైను గురించి, రంగుల గురించి కూడా చెప్పింది. 1890లో చేసుకున్న పెళ్ళి 1898లో విడాకులతో ముగిసింది. తర్వాత లండన్ సెంట్రల్ స్కూల్లో ఎంబ్రాయిడరీ బోధించింది. అప్పటి కళాకారుల సంఘం ఆడవాళ్ళను చేర్చుకోదు. గుమ్మంలో నిలబడి బతిమాలలేదావిడ. 1907లో స్త్రీలకు వేరే సంఘమే పెట్టించింది. 1909–10 శీతాకాలంలో అమెరికా వెళ్ళి ఉపన్యాసాలిచ్చింది. ఆ తర్వాత తండ్రి రచనలను 24 సంపుటాలుగా పరిష్కరించింది. ఆ ఏళ్ళు తన కళకు పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదోనని నాకనిపిస్తుంది.

1938లో కెల్మ్‌స్కాట్ ఇంట్లో కన్నుమూసింది. తండ్రి మంచానికి ఆమె డిజైను చేసిన తెరలు నేటికీ ఆ ఇంట్లోనే ఉన్నాయి.