ప్రాంతాభివృద్ధికి బాట వేసిన విశ్వేశ్వరయ్య

ఆనకట్టలు నిర్మించిన ఇంజనీరుగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య దేశమంతటికీ సుపరిచితులు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను ఏటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. అయితే నీరు, చదువు, పరిశ్రమ, పరపతి అనే నాలుగింటినీ ఒకే సూత్రాన గుచ్చి, ఒక ప్రాంతాన్ని సమగ్రంగా తీర్చిదిద్దాలని ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు.

విశ్వేశ్వరయ్య మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. ఇంటిపేరైన మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని పూర్వికుల గ్రామం. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగళూరులో పట్టభద్రులయ్యారు. పుణెలో ఇంజనీరింగ్ ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, నగర రక్షణకు ఆయన చేసిన సూచనలే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు ఆధారమయ్యాయి.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా, 1912లో దివానుగా బాధ్యతలు స్వీకరించారు. 1876-78 నాటి ఘోర క్షామాన్ని చవిచూసిన రాజ్యమది. కావేరిపై కృష్ణరాజసాగర్ నిర్మాణం 1911లో మొదలైంది. మండ్య పొలాలకు సాగునీరు, శివనసముద్రం విద్యుత్కేంద్రానికి నిలకడైన ప్రవాహం దాని లక్ష్యాలు. అదే ఏడాది ఆయన సూచనపై మైసూరు ఆర్థిక సమ్మేళనం ఏర్పడింది. వ్యవసాయం, విద్య, పరిశ్రమలు-వాణిజ్యం అనే విభాగాలలో అధికారులూ అనధికారులూ కలిసి చర్చించేవారు. జిల్లా, తాలూకా స్థాయి సంఘాలు స్థానిక అవసరాలను నివేదించేవి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం వెలిశాయి. భద్రావతి ఇనుము కర్మాగారానికీ అప్పుడే బీజం పడింది.

ఆ ప్రగతి ఫలాలు ఎవరికి దక్కుతున్నాయన్న ప్రశ్న మాత్రం మిగిలింది. ప్రభుత్వోద్యోగాలు అధికంగా బ్రాహ్మణులకే లభిస్తున్నాయని ఇతర వర్గాలు మొరపెట్టుకున్నాయి. పరిశీలనకై మహారాజు 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించారు. కులప్రాతిపదికన నియామకాలు జరిగితే పాలనా సామర్థ్యం సన్నగిల్లుతుందని విశ్వేశ్వరయ్య విశ్వసించారు. ఆ విభేదంతోనే ఆ ఏడాది పదవి వీడారు. వెనుకబడిన వర్గాలకు ప్రాధాన్యమిస్తూ 1921లో ప్రభుత్వం ఉత్తర్వులు వెలువరించింది.

పదవి వీడినా ప్రణాళికాచింతన వీడలేదు. దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ అవసరమని వాదిస్తూ 1934లో గ్రంథం ప్రకటించారు. స్వతంత్ర భారతంలో ప్రణాళికా సంఘం ఏర్పడింది ఆ తరువాత 16 ఏళ్లకు. 1955లో భారతరత్న అందుకొన్న ఆయన, 1962 ఏప్రిల్‌లో నూరేళ్లు దాటిన వయసులో కన్నుమూశారు.

ప్రతి తాలూకా అవసరాన్నీ లెక్కకు తెచ్చిన ఆ దార్శనికుడు, ఉద్యోగాలలో ప్రతి వర్గం వాటానూ లెక్కించాలన్న వాదనను అంగీకరించలేకపోయారు. అభివృద్ధి, సామాజిక న్యాయం రెండూ కలిసి నడవాలన్న పాఠం ఆయన విజయాలతోపాటు ఈ విభేదంలోనూ ఉంది.