తోలు ముక్కతో మొదలైన బ్రేక్ ప్యాడ్

మొన్న సెలవుల్లో నాన్న కారుకి బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చా. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టా, వెనక చక్రాలకి అడ్డు పెట్టా, ముందు రెండు వైపులా కొత్తవి బిగించా. తీరా పెడల్ తొక్కితే కాలు నేల దాకా పోయింది! లోపలికి నొక్కిన పిస్టన్ మళ్లీ ప్యాడ్‌ని తాకేదాకా పెడల్ నాలుగైదుసార్లు తొక్కాలి. తొక్కి చూడకుండా బండి కదిపి ఉంటే, ఎదురుగోడే ఆపేది.

ఆ రాత్రి బెర్తా బెంజ్ గురించి చదివా. ఆవిడ 1849లో జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్‌లో పుట్టింది. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు కార్ల్ బెంజ్ వర్క్‌షాప్‌లో పెట్టింది. ఆయన కారైతే తయారుచేశాడు గానీ, జనానికి దాని మీద నమ్మకం కుదరలేదు. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి అదే కారులో బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. ఇంధనం మందుల షాపులో కొంది. పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. చెక్క బ్రేకులు అరిగిపోతే, దారిలో చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు వేయించింది. మన ప్యాడ్లకి అదే తొలిరూపం అంటారు.

1944లో, 95 ఏళ్లు నిండిన రెండు రోజులకి ఆవిడ కన్నుమూసింది.

ఇప్పుడు నేను బండి కదిపే ముందు ప్రతిసారీ పెడల్ తొక్కి చూస్తున్నా.