ఆనీ లండన్‌డెర్రీ: గృహాభిముఖ యాత్ర

విఘ్నభయముచే కార్యము నారంభింపనివారు, ఆరంభించి విఘ్నము తగిలినంతనే విడుచువారు, ఎన్ని విఘ్నములు గలిగినను తుదముట్టించువారు అని భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగా విభజించెను. మన మహాసభలయందు ఆరంభములకు పూలదండలు సమృద్ధిగా లభించును. సమాప్తి కట్టి యాదరము గానరాదు. ఈ సంచికకై యొక జీవితచరిత్రము వ్రాయవలసినదని సంఘమువారు కోరగా, మన కులమునకు గాని దేశమునకు గాని చెందని యొక వనిత చరిత్రమును మే మీ కారణముచేతనే యెన్నుకొంటిమి. అందును ఆమె యిల్లు చేరిన తుది ప్రయాణమే మాకు ముఖ్యము.

ఆనీ కోహెన్ 1870 ప్రాంతమున లాట్వియాదేశమున యూదుల కుటుంబమునందు జన్మించెను. 1875లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయి బోస్టన్ నగరమున స్థిరపడెను. యుక్తవయస్సున ఆమె మాక్స్ కోప్చోవ్‌స్కీ యను చిల్లరవర్తకుని వివాహమాడి మువ్వురు బిడ్డలకు తల్లి యయ్యెను. పత్రికలకు ప్రకటనలు సేకరించి సంసారభారమున తానును పాలుపంచుకొనెను.

ఒక స్త్రీ పదునైదు మాసములలో బైసికిలుపై భూప్రదక్షిణము చేసి, మార్గమధ్యమున అయిదువేల డాలర్లు స్వయముగా నార్జింపజాలదని బోస్టన్ ధనికు లిరువురు పందెము వేసికొనిరని ఆనీ ప్రకటించెను. ఆ పందెము నిజముగా జరిగెనా యను విషయమును ఆమె చరిత్రమును శోధించినవారే సందేహించిరి. ప్రయాణము మాత్రము నిజము. 1894 జూన్ మాసాంతమున ఆమె బోస్టన్ శాసనసభాభవనము నెదుట జనసమూహము చూచుచుండగా బయలుదేరెను. అంతకు కొలదిదినములకు ముందువఱకును ఆమె బైసికిలు ఎక్కి యెఱుగదు. లండన్‌డెర్రీ యను పేరుగల ఖనిజజలముల కంపెనీవారు నూరు డాలర్లిచ్చి, వారి పేరునే ఆమె ధరించునట్లు ఒడంబడిక చేసికొనిరి. నాటినుండి లోకము ఆమెను ఆనీ లండన్‌డెర్రీ యనియే యెఱుగును.

తొలి బైసికిలు నలువదిరెండు పౌనుల బరువు. ఆమె వస్త్రము పాదములవఱకు జీరాడు లంగా. ఆ సెప్టెంబరున చికాగో చేరునప్పటికి ఆమె మిక్కిలి కృశించెను. శీతకాలము సమీపించుటచే పశ్చిమమునకు పోవుట దుర్ఘటమయ్యెను. అచ్చట ఆమె ఇరువదియొక్క పౌనుల పురుషుల బైసికిలును గ్రహించి, లంగాను విడిచి, తూర్పుదెసకు మరలెను. ఆ బైసికిలునకు బ్రేకు లేదు. ఇట్లు చికాగోయే ఆమె ప్రదక్షిణమునకు సమాప్తిస్థానమయ్యెను.

1894 నవంబరులో న్యూయార్కునుండి ఓడపై ఫ్రాన్సు చేరి, పారిసునుండి మార్సేల్సు రేవునకు పోయి, పిమ్మట కొలంబో, సింగపూరు, హాంకాంగు, జపాను మున్నగు తావులను చాలవఱకు ఓడలపైననే చూచి, 1895 మార్చి 23వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగెను. బైసికిలుపై గాక బైసికిలును వెంటబెట్టుకొని తిరిగినదని విమర్శకు లాక్షేపించిరి. ఆక్షేపణము నిరాధారము కాదు. అదియునుగాక భారతదేశమున జర్మను రాజవంశీయులతో గూడి పులులను వేటాడితి నని యామె యుపన్యాసములయందు చెప్పెను. మన దేశమున పులివేట యెట్టిదో యెఱిగిన మనము నవ్వి యూరకుండవచ్చును; ఆ మాట కల్పితము.

ఇక నిల్లు చేరవలసిన మార్గము మిగిలెను. ఇచ్చట సముద్రము లేదు; ఓడ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో విడిచిన కొలదికాలమునకే స్టాక్‌టన్ ప్రాంతమున, బెదరిన గుఱ్ఱపుబండి మీదికి రాగా ఆమెయు, వెంటనున్న మఱియొక బైసికిలు ప్రయాణికుడును ప్రాణాపాయమునుండి తప్పించుకొనిరి. రెండు దినములు రక్తము గ్రక్కితి నని యామె పిదప చెప్పెను. మఱునాడే స్టాక్‌టన్‌లో నుపన్యసించెనని పత్రికలు తెలిపినవి. లాస్ ఏంజల్సు దాటి, రైలుదారి వెంబడి అరిజోనా, న్యూమెక్సికో ఎడారులను ప్రవేశించెను. టైరు చెడి యూమా పట్టణమువఱకు బైసికిలును నడిపించుకొనుచు కాలినడకను పోయెనని యొక వార్త. జూన్ మాసాంతమునకు ఎల్‌పాసో, ఆగస్టు 12వ తేదీకి డెన్వరు చేరెను. నెబ్రాస్కాలో బాటలు బురదయైనందున చాలదూరము రైలెక్కక తప్పలేదు. చేరువైన గమ్యము కనుచూపుమేరకు వచ్చిన తఱి, అయోవా రాష్ట్రమున పందులమంద యడ్డము వచ్చి ఆమె క్రిందపడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. సముద్రములు దాటిన మనిషికి విఘ్నము పందులరూపమున నెదురయ్యెను! వైద్యుడు కట్టు కట్టెను. ఆ కట్టుతోనే యామె ముందునకు సాగెను.

1895 సెప్టెంబరు 12వ తేదీన, క్లింటన్ పట్టణమున పరిచితులైన యిరువురు తోడురాగా, చికాగోలో వలయము పూర్తిచేసెను. 24వ తేదీన బోస్టన్‌లో భర్తను, బిడ్డలను చేరెను. పిమ్మట సకుటుంబముగా న్యూయార్కునకు పోయి అచ్చటి పత్రికకు వ్యాసములు వ్రాసెను. 1947 నవంబరు 11వ తేదీన మరణించునాటికి లోక మామెను మఱచియుండెను. 2007లో ఆమె బంధువంశీయుడగు పీటర్ జూట్లిన్ గ్రంథము వ్రాసి ఆమెను మరల వెలుగులోనికి తెచ్చెను.

పసిబిడ్డలను విడిచి పోవుట తగునా యని మన పెద్దలు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అది పురుషులు యాత్రలకు పోవునప్పుడును అడుగదగినదే యని మా మనవి. ఆమెను మేము సర్వవిధముల ననుకరింపదగినదిగా చూపుటలేదు. కల్పితములైన పులులు నేడు ఆమె కీర్తికి మచ్చలైనవి. కట్టు కట్టిన చేయియే ఆమెను నిలిపినది. ఆ యెడారిబాట, ఆ విఱిగిన మణికట్టు ఉండగా పులుల యవసరమేమి?

మన సంఘములయందు శంకుస్థాపన జరిగి కప్పు పడని విద్యార్థివసతిగృహము లున్నవి. మొదటియేట విద్యార్థివేతనము పొంది రెండవయేట నిరాధారులైన బాలిక లున్నారు. నివేదికలలో మాత్రము పులులు తిరుగుచుండును. దాతలకును, కార్యవర్గమునకును మా విన్నప మొక్కటే: క్రొత్త సంకల్పములు చేయుటకు ముందు పాతవానిని తుదముట్టింపుడు; చేసినంతయే చెప్పుడు. చదువు మధ్యలో నాగిన బాలికలకు మిగిలిన మార్గము తక్కువయే యుండవచ్చును. అయోవాకును చికాగోకును దూరము తక్కువయే. ఆ కొలదిదూరముననే తోడువచ్చు నిరువురు కావలసియుందురు.