తప్పు బాయిలర్‌ది కాదు

జేమ్స్ వాట్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది టీ కెటిల్ కథ. పిల్లాడు కెటిల్ మూత ఎగరడం చూశాడు, ఆవిరి యంత్రం కనిపెట్టేశాడు. వినడానికి బాగుంటుంది. కానీ థామస్ న్యూకొమెన్ 1712లోనే బొగ్గు గని దగ్గర ఆవిరి యంత్రం నిలబెట్టాడు. వాట్ పుట్టింది 1736లో. అతను చేసిన పని మన బ్రాంచ్ వాళ్లకి ఇంకా దగ్గరగా ఉంటుంది. సరిగ్గా పనిచేయని దాన్ని ముందేసుకుని, తేడా ఎక్కడుందో తేలేదాకా వదలకపోవడం. అందుకే నాకది డీబగ్గింగ్ కథలా అనిపిస్తుంది.

వాట్‌ది స్కాట్లండ్‌లోని గ్రీనక్ అనే రేవు ఊరు. తండ్రికి ఓడల పని, వ్యాపారం. పిల్లాడికి తరచూ ఒంట్లో బాగుండేది కాదు, చేతిపని మాత్రం బాగా వచ్చేది. 1755లో కొలత పరికరాల తయారీ నేర్చుకోడానికి లండన్ వెళ్లాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు, అంటే ఇప్పుడు నా వయసే. మామూలుగా ఏళ్ల తరబడి నేర్చుకునే ఆ పనిని ఒక్క ఏడాదిలో పట్టేసి వెనక్కొచ్చాడు. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు తమ ఆవరణలోనే షాపు పెట్టుకోమని గది ఇచ్చారు. డిగ్రీ లేదు, ప్రొఫెసర్ కాదు, కాలేజీ రిపేర్లు చేసే మనిషి అంతే.

1763 చలికాలంలో అతని బల్ల మీదకి న్యూకొమెన్ యంత్రం చిన్న మోడల్ ఒకటి వచ్చింది. క్లాసులో చూపించడానికి పెట్టుకున్నది. అంతకుముందే రిపేర్‌కి లండన్ పంపినా లాభం లేకపోయింది. వాట్ దాన్ని సరిచేసి మంట పెట్టాడు. పిస్టన్ నాలుగైదు సార్లు ఆడేది, ఆగిపోయేది. బాయిలర్ చూస్తే సరిపడా పెద్దదే, మంటా బాగానే ఉంది. అయినా ఆవిరి చాలట్లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు బాయిలర్‌నే అనుమానిస్తారు. వాట్ మంట ఎగదోసి చూశాడు. పంపు మీద నీటి బరువు తగ్గిస్తే మోడల్ ఆగకుండా నడిచింది కూడా. ల్యాబ్‌లో మనమైతే అక్కడితో ఔట్‌పుట్ చూపించి సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాం. వాట్ వెళ్లలేదు. పెద్ద యంత్రం గనిలో నడుస్తుంటే, అదే డిజైన్ చిన్నదైతే ఎందుకు ఆయాసపడుతోంది? అతన్ని పట్టుకున్న ప్రశ్న ఇది.

యంత్రం పనిచేసే తీరు ఇది. పిస్టన్ కింద సిలిండర్‌లోకి ఆవిరి నిండుతుంది. తర్వాత లోపలికి చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి పిస్టన్‌ని కిందికి నొక్కుతుంది. ఈ చన్నీళ్లు ఆవిరితో పాటు సిలిండర్ గోడల్నీ చల్లబరుస్తాయి. మళ్లీ వచ్చే ఆవిరిలో చాలా భాగం ఆ గోడల్ని వేడి చేయడానికే అయిపోతుంది. మోడల్ సిలిండర్ వ్యాసం 2 అంగుళాలే. 20 అంగుళాల సిలిండర్‌తో పోలిస్తే లోపల పట్టే ఆవిరికి 10 రెట్లు గోడ తగులుతుందన్నమాట. పైగా అది ఇత్తడి, వేడిని తొందరగా లాగేస్తుంది.

వాట్ ఊహ దగ్గర ఆగకుండా కొలిచాడు. ఒక్కో స్ట్రోక్‌కి ఎంత ఆవిరి ఖర్చవుతోందో లెక్క తీస్తే, సిలిండర్‌లో పట్టేదానికి ఎన్నో రెట్లు తేలింది. ఇంకో ప్రయోగంలో, ఆవిరిగా మారిన నీరు తన బరువుకి దాదాపు 6 రెట్లు చన్నీళ్లని మరిగే దాకా వేడి చేయగలదని చూశాడు. ఆశ్చర్యపోయి స్నేహితుడు ప్రొఫెసర్ జోసెఫ్ బ్లాక్‌ని అడిగాడు. అది అప్పటికే బ్లాక్ పాఠం చెబుతున్న గుప్తోష్ణం. అంటే ఆవిరి వృథా అయితే పోయేది చిన్న వేడి కాదు.

ఇప్పుడు సమస్య స్పష్టమైంది. ఖాళీ బాగా ఏర్పడాలంటే సిలిండర్ చల్లగా ఉండాలి, ఆవిరి ఆదా కావాలంటే వేడిగా ఉండాలి. ఒకే పాత్రకి రెండు వ్యతిరేకమైన పనులు. 1765 మే నెలలో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుంటే దారి తట్టింది. ఆవిరిని వేరే పాత్రలోకి లాగి అక్కడ చల్లార్చాలి. ఆ పాత్ర ఎప్పుడూ చల్లగా, సిలిండర్ ఎప్పుడూ వేడిగా. మన భాషలో చెప్పాలంటే రెండు పనుల్ని రెండు మాడ్యూల్స్‌గా విడగొట్టాడు.

కథ ఇక్కడ అయిపోయుంటే హాయిగా ఉండేది. ఆలోచన తట్టాక అసలైన యంత్రం నడవడానికి 11 ఏళ్లు పట్టింది. గాలి చొరబడనంత నున్నగా పెద్ద సిలిండర్ చేసేవాళ్లు దొరకలేదు. ఇల్లు గడవడానికి కాలువల సర్వే పనులు చేశాడు. 1769లో పేటెంట్ వచ్చింది కానీ, డబ్బు పెట్టిన జాన్ రోబక్ 1773కల్లా దివాలా తీశాడు. ఆ ఏడాదే వాట్ సర్వే మీద దూరంగా ఉండగా భార్య మార్గరెట్ కాన్పులో చనిపోయింది. పిల్లల్ని పెట్టుకుని, ఇంకా పూర్తికాని యంత్రంతో మిగిలాడు.

1774లో బర్మింగ్‌హామ్ వెళ్లి మాథ్యూ బౌల్టన్‌తో కలిశాడు. ఫిరంగి గొట్టాలు తొలిచే జాన్ విల్కిన్సన్ కొత్త యంత్రంతో సరైన సిలిండర్లూ దొరికాయి. 1776లో యంత్రాలు నడిచాయి. పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడో వంతు వీళ్లకి ఫీజు. బొగ్గు దొరకని కార్న్‌వాల్ గనుల వాళ్లకి ఇది పెద్ద ఆదా.

వాట్‌లో నాకు నచ్చని విషయమూ ఉంది. 1800 దాకా పొడిగించిన పేటెంట్‌ని పట్టుకుని పోటీదారుల మీద కోర్టుకెళ్లాడు, ఎక్కువ పీడనం ఆవిరిని గట్టిగా వ్యతిరేకించాడు. ఇంకొకరి యంత్రంలో లోపం వెతికి పైకొచ్చిన మనిషి, తన యంత్రాన్ని ఇంకొకరు మార్చడం ఒప్పుకోలేకపోయాడు.

1819లో చనిపోయేదాకా ఇంటి అటక మీద వర్క్‌షాప్‌లో ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. హాస్టల్ బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ మీద 1500 వాట్లు అని రాసుంటుందే, ఆ పేరు ఇతనిదే. ఈసారి నీళ్లు తొందరగా కాగకపోతే రాడ్‌ని తిట్టేముందు, వేడి ఎటు పోతోందో ఒకసారి చూడండి.