ఇల్లు విడిచినవాడు కట్టిన పాటల ఇల్లు
(పురుషోత్తమ చౌదరి గారి జీవితము, 1803–1890)

చదువవలసిన వాక్యభాగములు: కీర్తనలు 137, లూకా 15:11–32, ఎఫెసీయులకు 2:11–22



కుందుర్పి కొండకోట నీడలోను కళ్యాణదుర్గము చుట్టుప్రక్కల గ్రామములలోను నివసించు మనకు ఇల్లు అనునది సులువైన మాట కాదు. సంవత్సరమునకు దాదాపు 550 మిల్లీమీటర్ల వానయే మన జిల్లా భాగ్యము. అదియైనను అదనుకు పడునని నమ్మకము లేదు. వేరుశనగ విత్తిన తరువాత మబ్బు మొగము చాటువేసిన యేడు, ఇంటికి తాళము వేసి, ముసలివారిని పొరుగువారికి అప్పగించి, బెంగుళూరునకో కేరళకో కూలికి పోవు కుటుంబములను మనమందరము ఎరుగుదుము. నిరుడు గాయక బృందములో పాడిన గొంతులలో కొన్ని ఈ యేడు వినబడవు. పండుగకు తిరిగి వచ్చినవారు కొందరు, తమ చోటు ఇంకను ఉన్నదో లేదో అన్నట్లు మందిరపు గుమ్మము దగ్గరనే నిలిచిపోవుదురు.

ఇట్టి సంఘములు పాటల కూటము జరుపుకొనునప్పుడు, మన ఇల్లు ఏది, మనవారు ఎవరు అను ప్రశ్నను దానికి అంశముగా ఎన్నుకొనుట తగియున్నది. ఈ ప్రశ్నకు తన బ్రదుకుతోనే జవాబు చెప్పిన మనుష్యుడొకడు మన తెలుగు సంఘములలో ఉండెను. ఆయన కీర్తనలు చిన్ననాటినుండి పాడుచున్నాము. ఆయన ఎవరో ఎరిగినవారు మనలో కొద్దిమందియే. ఆయనే పురుషోత్తమ చౌదరి గారు.

సరిహద్దు సీమలో పుట్టుక

చౌదరిగారు 1803 సెప్టెంబరు 5వ తేదీన గంజాం సీమలో, పర్లాకిమిడి దగ్గరనున్న మదనాపురములో జన్మించిరి. వారిది వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము. ఆ సీమలో ఒక వీధి తెలుగు మాటలాడును, ఒక వీధి ఒరియా మాటలాడును. ఆనాడు అది చెన్నపురి రాజధానికి చెందియుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరెను. కనుక తెలుగు క్రైస్తవ కీర్తనలకు తండ్రివంటివాడని మనము గౌరవించు కవి జన్మస్థలము నేడు తెలుగు రాష్ట్రములలో లేదు.

ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. మనమును సరిహద్దువారమే. మన పొలిమేర దాటిన కన్నడ సీమ. సంతలో రెండు భాషలు వినబడును, పెండ్లి సంబంధములు రెండు ప్రక్కలను కలియును. గీత ఎక్కడ గీసినను మనుష్యుని మనస్సు ఆ గీతవద్ద ఆగిపోదు. తాతల భాష వంగభాష, చుట్టుప్రక్కల భాష ఒరియా అయిన ఈయన, తన హృదయమును తెలుగులో విప్పి చెప్పుకొనెను. భాష కూడ ఒక ఇల్లే. పుట్టుకచేత దొరకినదానినే గాక, ప్రేమించి చేరినదానిని కూడ మన ఇల్లని చెప్పుకొనవచ్చును.

ఇల్లు పోయిన దినములు

లండన్ మిషనువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. అదే మిషనువారు 1810లో మన బళ్లారిలోను పని ప్రారంభించిరి. (మన అనంతపురము 1882వరకు బళ్లారి జిల్లాలోనిదే గదా.) 1822లో బాప్టిస్టు మిషనెరీలు కటకమునకు చేరిరి. వీరివలన అచ్చు కాగితములు, చిన్న పుస్తకములు ఊరూర తిరిగెను. అట్టి పుస్తకములు చౌదరిగారి చేతికి వచ్చెను. ఆయన వాటిని చదివి, విచారించి, తుదకు 1833లో కటకమునకు పోయి బాప్తిస్మము పొందిరి. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు.

ఆ నిర్ణయమునకు ఆ దినములలో ఎంత వెల చెల్లింపవలసి యుండెనో మనము నెమ్మదిగా ఆలోచింపవలెను. కులము విడిచినవాడు బంధువుల పంక్తిలో కూర్చుండలేడు. తండ్రి ఆస్తిలో వానికి భాగము నిలుచునను నమ్మకము లేదు. మతము మారినంత మాత్రమున, కులమునుండి వెలివేయబడినంత మాత్రమున ఒకని ఆస్తిహక్కు పోరాదని కంపెనీ ప్రభుత్వపు ఏలుబడియంతటికి చట్టము వచ్చినది 1850లో. చౌదరిగారు అడుగు ముందుకు వేసినది దానికి పదునేడేండ్ల ముందు. ఆయన గడప దాటినప్పుడు, ఆ గడప తిరిగి తనకొరకు తెరువబడునని చెప్పు శాసనమేదియు లేదు.

అబ్రాహాము తాను ఎక్కడికి పోవుచున్నాడో ఎరుగకయే బయలుదేరెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ అధ్యాయము చెప్పుచున్నది. దానిని మనము ఆదివారము హాయిగా చదువుదుము. కాని ఇంటికి తాళము వేసి, తెల్లవారుజామున బస్సు ఎక్కిన తల్లిని అడిగినయెడల, ఆ మాటలో ఎంత బరువు ఉన్నదో ఆమె చెప్పగలదు.

పాటల ఇల్లు

బాప్తిస్మము పొందిన తరువాత ఆయన సువార్త పనిలో ప్రవేశించి, బరంపురము, శ్రీకాకుళము ప్రాంతములలో చాలకాలము ప్రయాసపడిరి. ముక్తిమార్గ ప్రదర్శనము, కులాచార పరీక్ష అను గ్రంథములను, యేసునాయక శతకమును రచించిరి. అన్నిటికంటె ఎక్కువగా నిలిచినవి మాత్రము ఆయన కీర్తనలు. అవి నూటికి పైగా కలవు.

ఈ కీర్తనల విలువను తెలిసికొనుటకు ఆనాటి స్థితిని ఎరుగవలెను. మిషనెరీలు ఇంగ్లీషు పాటలను తెలుగులోనికి మార్చి, ఆ దేశపు రాగములతోనే పాడించుచుండిరి. మంచి పాటలే, భక్తి గలవే. అయినను పొలములో నాట్లప్పుడు, రాత్రి భజనలలో, వీధి భాగవతములలో పెరిగిన చెవికి అవి పరాయి ఇంటి వస్తువులవలె ఉండెను. చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణములు గల మన కీర్తన పద్ధతినే తీసికొనిరి. మన రాగములు, మన తాళములు, వేమన పద్యము వచ్చినవారికి తెలిసిన శతక మార్గము, వీటన్నిటిని ప్రభువు సేవకు తెచ్చిరి. అందువలన క్రొత్తగా విశ్వసించినవాడు దేవుని స్తుతించుటకు తన గొంతును మార్చుకొననక్కర లేకపోయెను.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. తన ఇంటిని పోగొట్టుకొన్నవాడు రెండు విధములుగా నడువవచ్చును. పోయినదానిని తలంచి జీవితమంతయు ఏడ్చుట యొకటి. తనవలెనే ఇల్లు లేనివారికి చోటు సిద్ధపరచుట మరియొకటి. బబులోను నదులయొద్ద కూర్చున్నవారు సితారాలను చెట్లకు తగిలించి మానుకొనిరి. వారి దుఃఖమును మనము తప్పుపట్టము. చౌదరిగారు అన్యమైన సీమలో తంబురాను చేతపట్టినవారివంటివారు. ఆయన కట్టిన ఇంటికి గోడలు లేవు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును చేతపట్టిన లూథరను సంఘస్థులు, బాప్టిస్టులు, మన దక్షిణ ఇండియా సంఘస్థులు అందరును అందులో ప్రవేశింతురు. బెంగుళూరులో తెలుగు ఆరాధనకు వెదకుకొని పోయిన మన కూలి సోదరుడు, అక్కడ ఎవరిని ఎరుగకపోయినను, పల్లవి ఎత్తుకొనగానే తాను పరాయివాడు కానని తెలిసికొనును.

గుమ్మము వెలుపల నిలిచినవాడు

తప్పిపోయిన కుమారుని ఉపమానములో పాట ఒక చోట వినబడును. చిన్నకుమారుడు తిరిగి వచ్చినందున ఇంట సంతోషగానము జరుగుచున్నది. పెద్దకుమారుడు పొలమునుండి వచ్చుచు దానిని విని, లోనికి పోనొల్లక వెలుపలనే నిలిచెను. అది అతని తండ్రి ఇల్లే. అయినను ఆ పాట తనది కాదనుకొనెను. తండ్రి ఏమి చేసెను? పాటను ఆపలేదు, కుమారుని విడువలేదు. తానే బయటికి వచ్చి అతని బతిమాలెను.

మన పాటలు మధురముగా ఉండవచ్చును. వాటిని విని వెలుపల నిలిచినవారు ఎవరు? పల్లవి ఎత్తు హక్కు ఎప్పుడును కొన్ని ఇండ్లవారికేనా? అప్పు తీర్చలేక తల వంచుకొని వచ్చినవానికి చాప మీద చోటు ఉన్నదా? భర్త వలసపోగా ఒంటరిగా ఉన్న స్త్రీని పాడుటకు ఎవరైన పిలిచిరా? కులాచారమును పరీక్షించుమని గ్రంథము వ్రాసిన మనుష్యుని కీర్తనలను పాడుచు, కులము చొప్పున కూర్చుండుట మనకు తగునా? అట్లు కూర్చుండిన సంఘము ఆయన రాగమును ఉంచుకొని ఆయన వెలయిచ్చి కొన్నదానిని పారవేసినట్లే. ప్రభువుకు తల వాల్చుకొనుటకు చోటు లేకపోయెను. ఆయనను స్తుతించు కూటములో ఎవనికైనను చోటు లేదనుట ఆయనకే చోటు లేదనుట.

మన గాయక బృందములకు

పాటల కూటము జరుపు సంఘములకు కొన్ని మాటలు. చౌదరిగారి కీర్తనలలో రెండో మూడో ఏర్పరచుకొని, చదువు రానివారికి ఒక్కొక్క చరణమును నోటితో చెప్పి ముందుగా నేర్పుడి. ముసలివారి గొంతుకు అందు శ్రుతిలో పాడుడి. వలసపోయిన వారి పేర్లను ప్రార్థనలో చదువుడి. ఫోనులో పాటను వారికి వినిపించుట నేడు కష్టము కాదు. తిరిగి వచ్చినవారిని గుమ్మము దగ్గర ఉండనీయక, వారి పాత చోటికే చేయిపట్టి తీసికొని రండి. కూటమునకు వచ్చిన కన్నడ సోదరులు ఉన్నయెడల వారి భాషలో ఒక పాట పాడనిండి.

చౌదరిగారు 1890 ఆగస్టు 24వ తేదీన, తమ ఎనుబదియేడవ యేట ప్రభువునందు నిద్రించిరి. ఆయన విడిచిన గడప ఏదో మనము చూడలేదు. ఆయన తెరచిన తలుపుగుండ మాత్రము ప్రతి ఆదివారము లోనికి పోవుచున్నాము. దానిని మన వెనుక మూయకుందము గాక.

ధ్యానమునకు: ఈ యేడు మన గాయక బృందములో వినబడని గొంతు ఎవరిది? ఈ వారములో మనము ఎవరి యింటికి పోయి వారిని పిలువవలెను?

ప్రార్థన: మా తండ్రీ, దూరమున కూలి చేయుచున్న మా వారిని కాపాడుము. ఇంట మిగిలిన ముసలివారిని ఓదార్చుము. మా సీమకు వాన దయచేయుము. మా పాట వినినవాడెవడును వెలుపల నిలువకుండునట్లు మా హృదయములను వెడల్పు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.